తెరను కాంట గదిలో పెట్టి ధైర్యంగా ఇంటికి రావాలంటే: చిన్న బోర్డు మీద క్యూటీ యాప్ ఎక్కించే పద్ధతి

"అన్నా, పొద్దుగాల నుంచి తెర నల్లగనే ఉంది" అని గుమస్తా ఫోన్ చేసేసరికి నేను నల్లగొండలో ఉన్నా. తెర మాత్రం మిర్యాలగూడ అవతల ఒక రైస్ మిల్లు కాంట గదిలో ఉంది. యాసంగి వడ్లు దిగుతున్న రోజులు, బయట లారీలు లైను కట్టి ఉన్నాయి. అదే యాప్ నా ల్యాప్‌టాప్‌లో నెల రోజులు నడిచింది, ఒక్కసారి కూడా పడిపోలేదు. బండి తీసుకుని వెళ్లి చూస్తే తప్పు నాదే, అదీ ఒక్క లైను తప్పు. అదేంటో కింద దాని చోట చెప్తా.

పని చిన్నదే. లారీ కాంట ఎక్కగానే ఇండికేటర్ (కాంట బరువును చూపే డబ్బా) నుంచి వచ్చే బరువును పెద్ద అంకెల్లో చూపించాలి, పక్కన లారీ నంబరు, ఊరు, రైతు పేరు తెలుగులో రావాలి, గుమస్తా వేలితో నొక్కితే నమోదు కావాలి. ఇలాంటిది పాల కేంద్రంలో కావచ్చు, ఆసుపత్రి టోకెన్ల తెర కావచ్చు, మార్కెట్ యార్డులో ధరల బోర్డు కావచ్చు, పద్ధతి మాత్రం ఒకటే. యాప్ రాసింది క్యూటీతో, అంటే తెర మీద కనిపించే యాప్‌లు రాసుకునే లైబ్రరీల కట్ట. కోడ్ రాయడం గురించి ఇక్కడ చెప్పను. రాసిన యాప్‌ను ఒక డబ్బాలో పెట్టి, పక్కన మనిషి లేకపోయినా నడిచేలా ఎలా చేయాలన్నదే విషయం. ఇంకో మాట, ఆదేశాలూ ఫైళ్ల పేర్లూ తెలుగు లిపిలోనే రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టండి.

ముందు బోర్డు సంగతి

చాలామంది ముందు ధర చూస్తారు. నేనైతే ముందు అడిగేది తెర మీద తెలుగు రావాలా వద్దా అని. అంకెలు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చాలనుకుంటే ఈఎస్‌పీ32 అనే చిన్న చిప్పు బోర్డు మీద ఎల్‌వీజీఎల్ అనే తెర గీసే లైబ్రరీ పెట్టుకోండి, చవక, స్విచ్ వేయగానే లేస్తుంది, ఎస్‌డీ కార్డు గొడవ లేదు, కొన్ని పదుల కేబీల ర్యామ్‌లో కూడా నడుస్తుంది. కానీ తెలుగు అనేసరికి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే ఏర్పాటు అందులో మామూలుగా ఉండదు. పేర్లన్నీ బొమ్మలుగా చేసి పెట్టుకునే తిప్పలు నేను ఒకసారి పడ్డా, రెండోసారి పడను.

కాబట్టి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, 2 జీబీ ర్యామ్ ఉన్నది తీసుకున్నా. ఇలాంటి ఒకే యాప్‌కు అది ధారాళంగా సరిపోతుంది. 5వ మోడల్ వేగంగా ఉంటుంది, నిజమే, కానీ దానికి 5 వోల్టులు 5 ఆంపియర్ల సప్లై అడుగుతారు, మిల్లులో ఆ అడాప్టర్ పాడైతే గుమస్తా తన ఫోన్ చార్జర్ తెచ్చి గుచ్చుతాడు. 4కు 3 ఆంపియర్లు చాలు.

ఓఎస్ విషయంలో నా సలహా ఒక్కటే, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో డెస్క్‌టాప్ లేని లైట్ రకం, 64 బిట్. డెస్క్‌టాప్ ఉన్నది వేసి దాని మీద యాప్‌ను ఫుల్‌స్క్రీన్ చేస్తే మొదటి రోజు బాగానే ఉంటుంది. తర్వాత ఒకరోజు అప్‌డేట్లు వచ్చాయని మూలన ఒక డబ్బా లేస్తుంది, ఎవరో వేలు పెడతారు, టాస్క్‌బార్ బయటికొస్తుంది, బ్రౌజర్ తెరుచుకుంటుంది, మధ్యాహ్నానికి కాంట గదిలో సినిమా పాటలు. డెస్క్‌టాప్ అసలు లేకపోతే ఆ గోలే లేదు.

బిల్డ్ ఎక్కడ చేయాలి

ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసిన (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌గా మార్చిన) ఫైలును నేరుగా కాపీ చేసి నడిపితే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎరర్" అంటుంది. మన ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఇంటెల్ రకం, బోర్డుది ఆర్మ్ రకం, దాని భాష వేరు. ఏ ఫైలు దేనికోసం తయారైందో అనుమానం వస్తే 'ఫైల్' అనే ఆదేశం ఇచ్చి చూడండి, ఏఆర్చ్64 అని ఉంటే మనది.

మార్గాలు మూడున్నాయి. బోర్డు మీదే బిల్డ్ చేయడం నెమ్మదిగానే ఉంటుంది కానీ తలనొప్పి తక్కువ. పది, ఇరవై ఫైళ్ల యాప్‌కు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది, మొదటిసారి చేసేవాళ్లు ఇదే చేయండి. రెండోది క్రాస్ కంపైల్, అంటే ల్యాప్‌టాప్‌లోనే బోర్డు ప్రాసెసర్ భాషలో బిల్డ్ చేయడం. బోర్డులోని లైబ్రరీలను ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో ల్యాప్‌టాప్‌కు తెచ్చుకుని, సిస్‌రూట్‌గా (బోర్డు ఫైళ్ల నకలుగా) పెట్టి, సీమేక్ అనే బిల్డ్ సాధనానికి టూల్‌చైన్ ఫైల్ (ఏ కంపైలర్ వాడాలో చెప్పేది) రాసి ఇవ్వాలి. బిల్డ్ వేగంగా అవుతుంది కానీ అమర్చుకోవడానికి ఒక ఆదివారం పోతుంది, అందులో సగం తెగిపోయిన సింబాలిక్ లింకులు సరిచేయడానికే. మూడోది నేను ఇప్పుడు వాడేది, ల్యాప్‌టాప్‌లోనే డాకర్‌లో (ఓఎస్‌లో ఇంకో ఓఎస్‌ను విడిగా నడిపే సాధనం) డెబియన్ బుక్‌వర్మ్ (నా బోర్డు ఓఎస్‌కు ఆధారమైన డెబియన్ 12) ఆర్మ్64 ఇమేజ్ పెట్టి, ఆర్మ్ ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఈఎంయూ మీద బిల్డ్ చేయడం. క్రాస్ కంపైల్ అంత వేగం రాదు కానీ బోర్డులో ఉన్న లైబ్రరీ వెర్షన్లే ఇక్కడా ఉంటాయి.

వెర్షన్ల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, బుక్‌వర్మ్‌లో క్యూటీ 6.4, జీలిబ్‌సీ (దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ) 2.36 వస్తాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉంటే జీలిబ్‌సీ 2.39. కొత్తదాని మీద తయారైనది పాతదాని మీద నడవదు, "జీలిబ్‌సీ ఫలానా వెర్షన్ దొరకలేదు" అని ఆగిపోతుంది. పాతదాని మీద తయారైనది కొత్తదాని మీద మామూలుగా నడుస్తుంది. క్యూటీ సంగతీ అంతే, మీ దగ్గర 6.7 పెట్టుకుని అందులో కొత్తగా వచ్చిన సౌకర్యం ఏదో క్యూఎంఎల్‌లో (క్యూటీలో తెర రూపం రాసే భాష) వాడేస్తే బోర్డు మీద అది అర్థంకాక తెర తెల్లగా మిగులుతుంది. మొదటి రోజే ల్యాప్‌టాప్‌లో కూడా బోర్డులో ఉన్న వెర్షన్నే పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ఇంకో ఉచ్చు ఉంది, దీంట్లో అందరూ ఒకసారి పడతారు. డెబియన్‌లో క్యూఎంఎల్ ముక్కలన్నీ విడివిడి ప్యాకేజీలు. క్యూటీ క్విక్‌కు ఒకటి, కంట్రోల్స్‌కు ఒకటి, లేఅవుట్స్‌కు ఒకటి. బిల్డ్ ఏ లోపమూ లేకుండా అయిపోతుంది, నడిపినప్పుడు మాత్రం "మాడ్యూల్ క్యూటీ క్విక్ ఈజ్ నాట్ ఇన్‌స్టాల్డ్" అంటుంది. క్యూఎంఎల్6 మాడ్యూల్ అని మొదలయ్యే ప్యాకేజీల్లో మీరు ఇంపోర్ట్ చేసిన ప్రతిదాన్నీ వెతికి వేసుకోండి. ప్రోగ్రామ్‌కు ఏ లైబ్రరీలు కావాలో చెప్పే ఎల్‌డీడీ కొట్టి చూస్తే ఇవి కనబడవు, ఎందుకంటే ఇవి నడిచేటప్పుడు మాత్రమే ఎక్కుతాయి.

డెస్క్‌టాప్ లేకుండా తెర మీదికి

విండోలు చూసుకునే ప్రోగ్రామ్ ఏదీ లేదు కాబట్టి క్యూటీ నేరుగా కర్నెల్‌తో (ఓఎస్ గుండెకాయతో) మాట్లాడి తెరను మొత్తం తానే తీసుకోవాలి. ఆ పని చేసే ప్లగిన్ పేరు ఈజీఎల్‌ఎఫ్‌ఎస్. క్యూటీ క్యూపీఏ ప్లాట్‌ఫామ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (అన్నీ పెద్దక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్లు) ఆ పేరు ఇచ్చి ఎస్‌ఎస్‌హెచ్ నుంచే (అంటే ల్యాప్‌టాప్ నుంచి బోర్డులోకి లాగిన్ అయి) యాప్‌ను నడపండి. అదృష్టం ఉంటే మొదటిసారే తెర వెలుగుతుంది.

నాకు వెలగలేదు. మామూలు యూజర్‌తో నడిపితే అనుమతి లేదంది, సుడోతో, అంటే అన్ని అధికారాలున్న రూట్ యూజర్‌గా నడిపితే వచ్చింది. ఇక్కడే చాలామంది సరే రూట్‌తోనే నడుపుదాం అని వదిలేస్తారు, వద్దు. ఆ యూజర్‌ను వీడియో, రెండర్, ఇన్‌పుట్ గ్రూపుల్లో చేర్చండి, సీరియల్ పోర్టు వాడుతుంటే డయల్‌అవుట్ గ్రూపులో కూడా. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే అది అమలవుతుంది.

రెండో చిక్కు 4వ మోడల్‌కు ప్రత్యేకం. అందులో బొమ్మ గీసే చిప్పు వేరు, తెరకు పంపే భాగం వేరు, కర్నెల్ వీటిని కార్డ్0, కార్డ్1 అని రెండు పరికరాలుగా చూపిస్తుంది. ఏ నంబరు దేనికన్నది మారుతుంటుంది కూడా. క్యూటీ తప్పుదాన్ని పట్టుకుంటే తెర రాదు. ఒక చిన్న జేసన్ ఫైల్ రాసి అందులో డివైజ్ అనే చోట తెరకు సంబంధించిన కార్డు దారిని ఇచ్చి, ఆ ఫైల్‌ను క్యూటీ క్యూపీఏ ఈజీఎల్‌ఎఫ్‌ఎస్ కేఎంఎస్ కాన్ఫిగ్ అనే వేరియబుల్‌కు చూపించండి. ఏం జరుగుతోందో బొత్తిగా అర్థంకాకపోతే క్యూటీ డీబగ్ ప్లగిన్స్ విలువ 1 చేసి నడపండి, ఏ ప్లగిన్ కోసం ఎక్కడెక్కడ వెతికిందో, ఏ లైబ్రరీ దొరక్క ఆగిందో మొత్తం చెప్తుంది. చాంతాడంత వస్తుంది, చివరి పది లైన్లు చదివితే చాలు.

గ్రాఫిక్స్ చిప్పు సరిగా లేని చవక బోర్డు అయితే లినక్స్‌ఎఫ్‌బీ అనే ప్లగిన్ ఉంది, అంతా ప్రాసెసరే గీస్తుంది. క్యూఎంఎల్ అయితే క్యూటీ క్విక్ బ్యాకెండ్‌ను సాఫ్ట్‌వేర్ అని పెట్టాలి. అంకెలు మారడం వరకు బాగుంటుంది, జారుడు యానిమేషన్లు పెట్టారో నత్త నడకే.

తెర తలకిందులుగా వచ్చిందా? మా దగ్గర వచ్చింది. కేబుల్ పైనుంచి వస్తుందని మేస్త్రీ క్లాంపును తిప్పి బిగించేశాడు, మళ్లీ గోడకు రంధ్రాలు వేయించడం కంటే బొమ్మను తిప్పడమే నయమనిపించింది. క్యూఎంఎల్‌లో అన్నిటికీ పైనున్న ఐటమ్‌కు రొటేషన్ 180 ఇస్తే బొమ్మ తిరుగుతుంది, టచ్ కూడా దాంతోపాటే తిరుగుతుంది. క్యూఎంఎల్ లేకుండా విడ్జెట్లతో రాసిన యాప్ అయితే ఈజీఎల్‌ఎఫ్‌ఎస్ రొటేషన్ వేరియబుల్‌కు 180 ఇవ్వాలి, క్యూఎంఎల్‌కు అది పనిచేయదు. కానీ ఆ వేరియబుల్‌తో టచ్ తిరగదు! పైన బటన్ నొక్కితే కింద బటన్ పనిచేస్తుంది. అప్పుడు టచ్‌కు వేరుగా యూడెవ్ రూల్ (పరికరాల సెట్టింగులు చెప్పే ఫైల్) రాయాలి, లిబ్‌ఇన్‌పుట్ కాలిబ్రేషన్ మ్యాట్రిక్స్ అని ఒకటుంటుంది, 180 డిగ్రీలకు అందులో -1 0 1 0 -1 1 అని ఆరు అంకెలు.

చవక హెచ్‌డీఎంఐ తెరలు తమ కొలత తప్పుగా చెప్పుకుంటాయి. ఏడంగుళాల తెర తనను టీవీ అనుకుంటే అక్షరాల సైజు తారుమారవుతుంది. స్కేలు పెట్టి కొలిచి, వెడల్పు ఎత్తు మిల్లీమీటర్లలో ఈజీఎల్‌ఎఫ్‌ఎస్ ఫిజికల్ విడ్త్, హైట్ వేరియబుల్స్‌కు ఇవ్వండి. లేదా అక్షరాల సైజును పిక్సెల్స్‌లోనే రాసుకోండి, ఒకే రకం తెర వాడేవాళ్లకు అదే సులువు.

తెలుగు అక్షరాలు

లైట్ ఓఎస్‌లో తెలుగు ఫాంటు ఉంటుందని నమ్ముకోవద్దు. క్యూటీ కూడా తనతో ఫాంట్లు తేవడం ఎప్పుడో మానేసింది, ఆ సంగతి తన హెచ్చరికలో తానే చెప్తుంది. ఫాంటు లేకపోతే అక్షరానికో డబ్బా కనిపిస్తుంది. ప్యాకేజీగా వేసుకోవచ్చు, కానీ నేను ఫాంటు ఫైల్‌ను యాప్ రిసోర్సుల్లోనే కలిపేసి ఫాంట్‌లోడర్‌తో ఎక్కిస్తా, రేపు కార్డు మార్చినా ఓఎస్ మార్చినా ఫాంటు యాప్‌తోనే వస్తుంది. మామూలు రాతకు నోటో సాన్స్ తెలుగు లేదా మండలి, పెద్ద శీర్షికకు రామభద్ర. నోటోలో బోల్డ్ నిజంగా ఉంది. ఒకే మందం ఉన్న ఫాంటును బోల్డ్ చేయమంటే క్యూటీ గీతలను తానే ఉబ్బిస్తుంది, అప్పుడు దూరం నుంచి బ, భ ఒకటే కనిపిస్తాయి.

ఫాంటు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. మిర్యాలగూడ అనే మాటనే తీసుకోండి. మన కంటికి ఐదు అక్షరాలు, కంప్యూటర్ దృష్టిలో పది సంకేతాలు: మ, గుడి, ర, పొల్లు, య, దీర్ఘం, ల, గ, కొమ్ము దీర్ఘం, డ. ర, పొల్లు, య కలిపి ర్య చేసే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది, అది క్యూటీలో ఉంది కాబట్టే నేను క్యూటీ వైపు వచ్చా. బిల్డ్‌రూట్‌తోనో యోక్టోతోనో సొంతంగా ఓఎస్ కూర్చుకునేవాళ్లు అవసరంలేదని ఒక్కో సౌకర్యం తీసేస్తూ పోతారు, హార్ఫ్‌బజ్ జోలికి మాత్రం వెళ్లకండి.

మహబూబ్‌నగర్ ఇంకో రకం పరీక్ష. బ్ తర్వాత న దాని కింద ఒత్తుగా చేరకుండా మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం ఉంటుంది, యూనికోడ్‌లో 200సీ. నేను డేటాను శుభ్రం చేద్దామని, కనబడని క్యారెక్టర్లన్నీ తీసేసే ఒక లైను రాశా. మరుసటి రోజు తెర మీద మహబూబ్నగర్ అని వచ్చింది. జడ్చర్ల నుంచి వచ్చిన డ్రైవర్ ఒకాయన దాన్ని చూసి "మా జిల్లా పేరు గిట్ల రాస్తరా తమ్మీ" అన్నాడు. ఆ లైను తీసేశా.

ఒత్తులు కిందికి దిగుతాయి, ఇది ఇంగ్లీషుకు డిజైన్ చేసినవాళ్లకు తట్టదు. బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరానికి సరిపోయేలా పెడితే రాష్ట్రం అనే మాటలో ష కింద ఉన్న రెండు ఒత్తుల్లో కిందిది సగం తెగిపోతుంది. అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఎత్తు వదలండి. నేను ప్రతి కొత్త తెర మీద ముందు రాష్ట్రం, స్త్రీ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ఈ నాలుగూ పెట్టి చూస్తా. ఇవి సరిగా వస్తే రైతుల పేర్లన్నీ వస్తాయి.

బరువు అంకెలకు మాత్రం 0 నుంచి 9 వరకు అన్నీ ఒకే వెడల్పు ఉన్న ఫాంటు వాడండి. లేకపోతే లారీ ఊగుతున్నంతసేపు తెర మీద అంకె కూడా అటూ ఇటూ ఊగుతుంది.

స్విచ్ వేస్తే తనంతట తాను లేవాలి

మొదట్లో చెప్పిన నల్ల తెర సంగతి ఇక్కడిది. యాప్‌ను సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టాలి, ఓఎస్‌లో ప్రోగ్రామ్‌లను లేపేదీ కాచుకునేదీ అదే. ఒక యూనిట్ ఫైల్, అందులో యూజర్ పేరు, పైన చెప్పిన వేరియబుల్స్ అన్నీ, యాప్ దారి, రీస్టార్ట్ ఈక్వల్స్ ఆల్వేస్. అది రాశా కదా ఎందుకు లేవదులే అనుకున్నా. ఆ రోజు పొద్దున ఎవరో ఊడుస్తూ సీరియల్ కేబుల్ యూఎస్‌బీ పిన్నును కదిలించారు, పోర్టు దొరక్క నా యాప్ క్రాష్ అయింది, సిస్టమ్‌డీ లేపింది, మళ్లీ క్రాష్, మళ్లీ లేపింది. 10 సెకన్లలో 5 సార్లు లేపాక "ఇగ నా వల్ల కాదు" అని వదిలేసింది. అది దాని మామూలు హద్దు, నాకు తెలియదు. తర్వాత పిన్ను సరిగా గుచ్చినా లేపేవాళ్లు లేరు.

మందు రెండు ముక్కల్లో ఉంది. యూనిట్ సెక్షన్‌లో స్టార్ట్ లిమిట్ ఇంటర్వెల్ సెక్ విలువ 0, సర్వీస్ సెక్షన్‌లో రీస్టార్ట్ సెక్ విలువ 3. అప్పుడు మూడు సెకన్లకోసారి ఎన్నిసార్లైనా ప్రయత్నిస్తూనే ఉంటుంది. అసలైన మందు మాత్రం యాప్‌లోనే ఉండాలి. పోర్టు లేకపోతే పడిపోకుండా "కాంట వైరు ఊడింది, చూడండి" అని తెర మీద ఎర్రగా తెలుగులో రాయాలి. ఆ ఒక్క వాక్యం పెట్టాక నాకు ఫోన్లు సగానికి తగ్గాయి, గుమస్తా తానే వైరు గుచ్చుకుంటున్నాడు.

పడిపోకుండా బిగుసుకుపోతే? ప్రాసెస్ బతికే ఉంటుంది, తెర కదలదు, సిస్టమ్‌డీకి అంతా బాగానే కనిపిస్తుంది. దీనికి సర్వీస్ టైప్‌ను నోటిఫై చేసి, వాచ్‌డాగ్ సెక్ 20 అని పెట్టి, యాప్‌లో తెర నడిపే థ్రెడ్ నుంచే ఒక టైమర్‌తో ఐదు సెకన్లకోసారి బతికున్నా అని కబురు పంపించండి. ఇరవై సెకన్లు కబురు రాకపోతే సిస్టమ్‌డీ దాన్ని ఆపి మళ్లీ లేపుతుంది. వేరే థ్రెడ్ నుంచి పంపితే లాభం లేదు, తెర బిగుసుకున్నా అది హాయిగా పంపుతూనే ఉంటుంది. కర్నెలే బిగుసుకుంటే బోర్డులో ఉన్న హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ దిక్కు. సిస్టమ్‌డీ కాన్ఫిగ్‌లో రన్‌టైమ్ వాచ్‌డాగ్ సెక్ 10 పెట్టండి, ఈ బోర్డుల్లో 15 సెకన్లకు మించి ఒప్పుకోదు.

టీటీవై1 (బోర్డు మొదటి కన్సోల్) మీద లాగిన్ అడిగే గెట్టీ అనే ప్రోగ్రామ్‌ను ఆపేయండి. యాప్ తెరను కప్పేసినా దాని వెనక లాగిన్ అడుగుతూనే ఉంటుంది, మీరు కీబోర్డుతో కొట్టే ప్రతి లారీ నంబరూ అక్కడికీ పోతుంది. బోర్డు ఎక్కడం (బూట్ అవడం) ఆలస్యమైతే సిస్టమ్‌డీ ఎనలైజ్ బ్లేమ్ కొట్టండి, ఎవరు ఎంతసేపు తిన్నారో వరుసగా చెప్తుంది. మా దాంట్లో నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగే సర్వీసు ఒకటి ఊరికే కాలక్షేపం చేస్తోంది, మిల్లులో నెట్టే లేదు, తీసేశా.

కరెంటు

మిల్లులో పెద్ద మోటార్ స్టార్ట్ అయినప్పుడు లైట్లు ఒకసారి డిమ్ అవుతాయి, గమనించే ఉంటారు. ఆ క్షణంలో బోర్డుకు కూడా వోల్టేజీ పడుతుంది. 5 వోల్టులు ఉండాల్సిన చోట 4.63 కిందికి దిగితే బోర్డు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ అని అడగండి, 0x0 అంటే క్షేమం, 0x50000 అంటే ఇప్పుడు బాగానే ఉంది కానీ ఎక్కిన తర్వాత ఎప్పుడో కరెంటు తగ్గింది, వేగం కూడా తగ్గించుకున్నా అని. నేను వెళ్లిన ప్రతి చోటా ముందు ఇదే చూస్తా. సగం సార్లు దోషి బోర్డు కాదు, ఫోన్ చార్జర్, దాని దారంలాంటి కేబుల్. బోర్డు కంపెనీ అమ్మే 5.1 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ కొనండి, దాన్ని కాంట ఇండికేటర్‌కు ఉన్న యూపీఎస్ నుంచే ఇవ్వండి.

అయినా ఒకరోజు ఎవరో స్విచ్ ఆపేస్తారు. షట్‌డౌన్ చేయమని గుమస్తాకు నేర్పడం మీద నాకు నమ్మకం లేదు, ఫ్యానుకూ లైటుకూ నేర్పలేదు కదా, దీనికెందుకు. ఎస్‌డీ కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ చెడుతుంది. అందుకని కార్డు మీద రాయడమే ఆపేయాలి. రాస్పీ కాన్ఫిగ్‌లో పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్ కింద ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే రాతలన్నీ ర్యామ్‌లోకి పోతాయి, స్విచ్ ఆపగానే మాయం, కార్డు అలాగే ఉంటుంది.

మరి తూకాల నమోదు? దానికి కార్డులోనే వేరే పార్టిషన్ చేసి అందులో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టుకోవాలి. ఇక్కడ జాగ్రత్త. బూట్ కమాండ్‌లైన్‌లో ఓవర్‌లేరూట్ ఈక్వల్స్ టీఎంపీఎఫ్‌ఎస్ అని మాత్రమే ఉంటే, ఎఫ్‌స్టాబ్‌లో (పార్టిషన్ల పట్టిక ఉండే ఫైల్) ఉన్న మిగతా పార్టిషన్లకు కూడా అదే ముసుగు కప్పుతుంది. పక్కన కోలన్ పెట్టి రికర్స్ ఈక్వల్స్ 0 చేర్చాలి. అది చేర్చకపోతే అంతా రాస్తున్నట్టే కనిపిస్తుంది, రాత్రి కరెంటు పోతే పొద్దున పట్టిక ఖాళీ. నేను దీన్ని టేబుల్ మీదే పట్టుకున్నా కాబట్టి బతికిపోయా, మిల్లులో తెలిసుంటే సేటు ముందు తలెత్తుకోలేకపోయేవాణ్ని.

ఓవర్‌లే పెట్టాక ఇంకోటి బయటపడుతుంది, తేదీ. 4వ మోడల్‌లో గడియారం లేదు. నెట్ ఉంటే అక్కడి నుంచి సమయం తెచ్చుకుంటుంది, లేకపోతే క్రితంసారి ఆపినప్పటి సమయాన్ని ఫైల్‌లో రాసుకుని అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఓవర్‌లేలో ఆ ఫైలూ చెరిగిపోతుంది కాబట్టి స్విచ్ వేసిన ప్రతిసారీ మీరు ఓవర్‌లే ఆన్ చేసిన రోజుకే వెళ్తుంది. డీఎస్3231 అనే చిన్న గడియారం ముక్క, దాంట్లో బటన్ సెల్లు, బోర్డు పిన్నులకు తగిలించి కాన్ఫిగ్‌లో ఐ2సీ ఆర్‌టీసీ ఓవర్‌లే లైను రాస్తే సరి. 5వ మోడల్‌లో గడియారం ఉంది కానీ బ్యాటరీ మనమే కొనాలి.

ధూళి, ఎండ కూడా కరెంటు లాంటివే. ఫ్యాన్ ఉన్న కేసు వద్దు, ఊక ధూళిని లోపలికి పీల్చి పెట్టుకుంటుంది. మొత్తం అల్యూమినియంతో చేసిన కేసు తీసుకోండి, కేసే వేడిని వదులుతుంది. బోర్డు 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. మే నెలలో రేకుల కింద గదిలో, తెర వెనకే బిగించి ఉంటే ఆ అంకె దగ్గరపడుతుంది. డబ్బాను తెర వెనక నుంచి తీసి గోడ కింది భాగంలో పెట్టండి.

కాంట వైరు, చివరి తిప్పలు

ఇండికేటర్ వెనక ఉండేది ఆర్‌ఎస్232 పోర్టు. దాన్ని నేరుగా బోర్డు పిన్నులకు కలపకండి, పిన్నులు 3.3 వోల్టులవి, కాలిపోతాయి. యూఎస్‌బీ సీరియల్ కేబుల్ వాడండి. టీటీవై యూఎస్‌బీ0 అనే పేరును కూడా నమ్మొద్దు, ఊడి మళ్లీ గుచ్చితే 1 అవుతుంది, డెవ్ సీరియల్ బై ఐడీ కింద ఉండే పొడుగు పేరే వాడండి. డేటా ముక్కలుగా వస్తుంది, లైను పూర్తయ్యేదాకా పోగుచేసి అప్పుడే చదవాలి. నేను వచ్చింది వచ్చినట్టు చదివితే 28,450 కిలోల లారీ ఒక్క క్షణం 2,845 అయింది, బయట నిలబడ్డ రైతు గుండె జారింది. ఇంకోటి, లెక్క తేలాల్సింది ముద్ర పడిన ఇండికేటర్ మీది అంకెతోనే, మన తెర చూపించడానికి మాత్రమే. ఈ మాట సేటుకూ ముందే చెప్పి పెట్టుకోండి.

డబ్బును తీసుకుని డబ్బా ఇస్తున్నప్పుడు క్యూటీ లైసెన్సు ఒకసారి చదవండి. ఎల్‌జీపీఎల్ అనే ఉచిత లైసెన్సు కింద వాడితే లైబ్రరీని డైనమిక్‌గా లింక్ చేసి, లైసెన్సు పాఠం జతచేసి, కొనుక్కున్నవాళ్లు ఆ లైబ్రరీని మార్చుకోగలిగేలా వదలాలి. వర్చువల్ కీబోర్డ్, చార్ట్స్ లాంటివి జీపీఎల్, వాటి షరతులు ఇంకా గట్టివి.

బిగించే ముందు రోజు ఇంట్లో టేబుల్ మీద పెట్టి ఇరవై సార్లు ప్లగ్ పీకండి. ఎక్కుతుండగా పీకండి, తూకం నమోదవుతుండగా పీకండి, టచ్ వైరు లేకుండా వేయండి, సీరియల్ వైరు లేకుండా వేయండి. ప్రతిసారీ తెర రావాలి, చివరి నమోదు ఉండాలి. ఇరవైలో ఒక్కసారి రాకపోయినా ఆ రోజు బండి ఎక్కకండి.

అన్నీ అయ్యాక కార్డును మొత్తంగా ఇంకో కార్డులోకి కాపీ చేసి, కవరులో పెట్టి డబ్బా పక్కనే టేపు వేసి వస్తా. కవరు మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో: "తెర రాకపోతే స్విచ్ ఆపి, పాత కార్డు తీసి ఇది పెట్టండి. బంగారు గీతలు బోర్డు వైపు. పాత కార్డు పారేయొద్దు, తూకాలు అందులోనే ఉన్నాయి."